వెనక సీటు

"అంతా మంచిగనే ఉంది గని, ఎనక సీట్ల మనిషి లేడు," అన్నాడు రిత్విక్.

కొత్తగా వచ్చిన ఎర్ర కారు. చూపుకు బుడ్డది, ఉరుకుకు గుర్రం. షోరూంలో తెలిసినవాడు ఉండబట్టి, నడిపి చూడమని ఆ పూటకు తాళం చేతికిచ్చారు.

కొనేది పరమేష్. మహబూబ్‌నగర్‌లో అతనికి కరెంటు సామాన్ల దుకాణం ఉంది. సలహా చెప్పేది రిత్విక్. ఇంట్లో సైకిల్ కూడా లేకుండానే, వీడియోలు చూసి చూసి కార్ల పండితుడైనవాడు.

"మనిషెందుకురా? మనిద్దరం ఉన్నం కద."

"ముందు కూసున్నోనికి ఏ కారైనా సుఖంగనే ఉంటది. ఎనక కూసున్నోన్ని అడిగితేనే అసలు సంగతి తెలుస్తది. జర బరువున్న మనిషి కావాలె."

జడ్చర్ల చౌరస్తాలో కారు ఆపారు.

చాయ్ బండి పక్కన బెంచీ మీద ఒకాయన కూర్చుని ఆవలిస్తున్నాడు. నిండైన మనిషి. ఆయన నడుమ కూర్చున్నాక ఆ బెంచీ మీద ఇంకొకరికి జాగా లేదు.

రిత్విక్‌కు దేవుడు కనిపించినట్టయింది.

"అన్నా, ఎటు పోవాలె?"

"బస్సు కోసం చూస్తున్న."

"జరసేపు మా కారుల ఎనక కూసోరాదె. గట్ల పోయి గిట్ల వద్దాం. కిరాయి గిరాయి ఏం లేదు."

ఆయన కారును చూశాడు. తన పొట్టను చూసుకున్నాడు.

"పడ్తనా?"

"గదే చూద్దామని."

"బస్సొచ్చే యాళ్లయింది తమ్మీ."

"బస్సు పోతదని భయమా?"

"పోదు గని, జల్ది రావాలె మరి."

తల వంచి, ఒక భుజం తర్వాత ఒక భుజం లోపలికి పంపి, సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. కారు వెనక భాగం ఒకసారి కిందికి దిగి మళ్లీ లేచింది.

"సూడు, ఎట్ల లేసిందో," అని రిత్విక్ మురిసిపోయాడు.

నవాబుపేట రోడ్డు పట్టుకున్నారు. పరమేష్ తొక్కితే కారు నేలను తాకీ తాకనట్టు పోయింది. ఆ ఉత్సాహంలో ఉండగానే ఫోన్ మోగింది.

మల్లిక.

"నాతోని మాట్లాడినా నీ కండ్లు రోడ్డు మీది కార్లనే చూస్తయ్," అని అలిగి కల్వకుర్తిలో పుట్టింటికి పోయిన భార్య. ఇక కార్ల ముచ్చటే ఎత్తనని పరమేష్ ఒట్టేస్తే, ఈ రోజే తిరిగొస్తోంది.

"బస్సు జడ్చర్లకొచ్చింది. అర్ధగంటల మహబూబ్‌నగర్‌ల దిగుత. బస్టాండుకొస్తున్నవా?"

"వచ్చుడేంది, బస్టాండ్లనే ఉన్న," అన్నాడు పరమేష్ గేరు మారుస్తూ.

"ఏందా సప్పుడు?"

"బస్సులు."

ఫోన్ పెట్టేసి చెమట తుడుచుకున్నాడు. రిత్విక్ మాత్రం వెనక్కి తిరిగి పరీక్ష మొదలుపెట్టాడు.

"అన్నా, ఏసీ తాకుతాందా?"

"తాకుతాంది."

"మోకాళ్లు?"

"ఉన్నయ్."

"గుంతలల్ల నడుము గుంజుతాందా?"

జవాబుగా గురక వినిపించింది.

సంచి మీద చేతులు పెట్టుకుని, తల పక్కకు వాల్చి, ఆయన పసిపిల్లవాడిలా నిద్రపోతున్నాడు.

రిత్విక్ ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "గీ రోడ్డు మీద నిద్ర పట్టిందంటే... గిసొంటి పరీక్ష ఏ వీడియోల చూపియ్యలేదురా."

"లేపుదామా? జల్ది రావాలె అన్నడు."

"నిద్రపోయేటోన్ని లేపితే పాపం. ఇంకో చక్కర్ కొట్టు."

స్పీడు బ్రేకర్లు ఎక్కించారు. కంకర మీద తిప్పారు. ఒక వంపు దగ్గర మేకల మంద అడ్డమొస్తే గట్టిగా బ్రేకు కొట్టారు. గురక ఒకసారి ఆగి, తాళం తప్పకుండా మళ్లీ అందుకుంది. కారు కొనడం ఖాయమైపోయింది.

మళ్లీ మల్లిక.

"ఇంక జడ్చర్లలనే ఉన్నం. బస్సు కదుల్తలేదు. లోపల ఉడికిపోతున్నం, పిల్లలు ఏడుస్తున్నరు."

"గంత బాధ్యత లేకుంట ఎట్లుంటరో మనుషులు," అన్నాడు పరమేష్ నిజంగానే కోపంతో. "నువ్వు ఫికర్ చెయ్యకు. ఎంతసేపైనా నేనిక్కడనే నిలవడి ఉంట."

ఫోన్ పెట్టి కారు తిప్పాడు. ఆమెకంటే ముందు మహబూబ్‌నగర్ చేరాలి. దారిలోనే కాబట్టి వెనక మనిషిని చౌరస్తాలో దించేయొచ్చు.

చౌరస్తా పక్కన వేపచెట్టు కింద బస్సు ఆగి ఉంది. దిగిన జనం నీడ కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు. పరమేష్ తల స్టీరింగు కిందికి దించాడు.

"అన్నా, జడ్చర్లొచ్చింది. జర జల్ది దిగాలె."

ఆయన కళ్లు తెరిచాడు. బస్సును చూశాడు. ఎంత కష్టపడి ఎక్కాడో అంత సులువుగా దిగాడు.

"కారెట్లుందన్నా?" రిత్విక్ వదల్లేదు.

"రాత్రంత కన్నంటుకోలే తమ్మీ. కంటినిండ నిద్రపోయిన. కొనుక్కోండ్రి." రెండడుగులు వేసి, పరమేష్ వైపు వంగాడు. "ఇంటామెకు మాత్రం నిజం చెప్పు."

ఆయన వెళ్లాడు. మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంది. సంచితో సహా మల్లిక ఎక్కి, ఆ వెచ్చటి సీట్లో కూర్చుంది.

"మహబూబ్‌నగర్ బస్టాండు గిదేనా?" అంది.

రిత్విక్ కిటికీలోంచి ఆకాశం చూశాడు. పరమేష్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"బస్సు... ఖరాబైందా?"

"బస్సుకేం రోగం? మంచిగనే ఉంది."

"మరి ఎందుకాగింది?"

"ఈడ డ్యూటీ మారాలెనట," అని మల్లిక వేలు చూపించింది.

జనం తిట్ల నడుమ నుంచి, ఇంతసేపూ వాళ్లు బరువు కోసం తిప్పిన మనిషి, సంచిలోంచి ఖాకీ చొక్కా తీసి తొడుక్కుంటూ బస్సు డ్రైవరు సీట్లోకి ఎక్కుతున్నాడు.