కారే షవర్

మా ఇల్లు తన రిపేర్లు తానే చేసుకుంటుంది. ఒక్క నీళ్ల పైపులకు మాత్రం ఇంకా మనిషి రావాలి. షవర్ ఆగకుండా కారుతుంటే ప్లంబర్ యేసోబును పిలిచాను.

అతను విప్పి చూశాడు. "వాషర్ బానే ఉందమ్మా. మీ ఇల్లే కావాలని వాల్వు పూర్తిగా మూయట్లేదు."

"ఏంటీ పని?" అని గోడను కసిరాను.

"మీరు మనిషితో మాట్లాడి చాలా రోజులైందండీ," అంది ఇల్లు. "ఏదో ఒకటి కారితేగానీ మీరు ఎవర్నీ పిలవరు."

యేసోబు తల వంచుకుని పానా సంచిలో వేసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంకోసారి ఇలా చేశావో!" అని అరిచాను.

అతను టీ తాగి వెళ్లిపోయాడు. షవర్‌లోంచి ఒక్క చుక్క పడటం లేదు. ఇల్లంతా నిశ్శబ్దం.

కాసేపు ఓర్చుకున్నాను.

"వంటింటి కుళాయి కారితే మాత్రం ఏమీ అననులే," అన్నాను గోడతో.