పోయినా బాధ లేని ఫైలు

"మళ్ళీ అంతే! మొదటి పొర మీదికి ఫైలు బాగానే ఎక్కుతుంది, రెండో పొర మొదలవగానే తప్పులు. ఈ కొత్త రకం రెండు పొరల డిస్కులూ దండగే." అన్నయ్య ఆ డిస్కును చెత్తబుట్టలోకి విసిరి, డ్రైవులో ఇంకో ఖాళీ డిస్కు పెట్టాడు.

వీడియో షాపు ఊడుస్తున్న చెల్లి దాన్ని తీసి పక్కనున్న ప్లేయర్లో వేసింది. ఎక్కడ ఆగిపోతుందో చూద్దామని సగం దాకా జరిపింది.

తెర మీద తనే! పోయినేడు ఒక్కతే ఆడిన నాటకం.

"ఇది నాది కదా అన్నయ్యా?"

"టెస్టుకి రెండు పొరలూ నిండాలి కదే. పెద్ద ఫైలు కావాలి, పోయినా బాధ లేనిది..." అనేసి నాలిక కరుచుకున్నాడు.

చెల్లి బుట్టలోంచి ఇంకోటి తీసి వేసి, దాన్నీ సగం దాకా జరిపింది. అందులోనూ తనే.

"నా నాటకం పోటీకి పంపానన్నావే, అది కూడా ఇలాంటి డిస్కేనా?"

"అసలు పంపలేదే. మంచి డిస్కు దొరికాక పంపుదామని ఆగాను. ఒట్టు!"

తెర మీద చెల్లి నోరు తెరిచి, ఏదో అనబోతూ అలాగే బిగుసుకుపోయింది.

చీపురు గోడకి ఆనించి చెల్లి అడిగింది.

"పోటీ వాళ్ళకి నచ్చలేదన్నావు. ఆ ఒక్క మాటకే నేను స్టేజీ ఎక్కడం మానేశాను. నచ్చనిది ఎవరికి అన్నయ్యా?"