బెళుగుప్ప మలుపులో ఎర్ర దీపం

"సార్, మళ్లీ వెలిగింది," అన్నాడు డ్రైవరు లింగన్న.

బెళుగుప్ప మలుపు ఇంకా ఫర్లాంగు దూరంలో ఉంది. పికప్ బండిలో స్పీడు ముల్లు పక్కన ఎర్ర దీపం వెలుగుతోంది. బ్రేకులో తేడా ఉంటే వెలిగే దీపం అది.

పక్క సీట్లో ఉన్న నరసింహప్ప పంటనష్టం రాసే అధికారి. కళ్లద్దాలు సర్దుకుని దీపాన్ని చూశాడు.

"నిన్ననే బాగు చేయించినావు కదప్పా?"

"చేయించినా సార్. ఊర్లో తిరిగేటప్పుడు బాగానే ఉండాది."

"బ్రేకు దీపం వెలిగితే బండి ముందుకు పోకూడదని రూలు. తిప్పు."

బండి తిరిగింది. ఆఫీసు కనిపించేసరికి దీపం ఆరిపోయింది.

మలుపుకు అవతల మూడు మైళ్లలో ఈరన్న పొలం. అది 1986. విత్తనానికి వాన పడింది, ఆ తర్వాత పడలేదు. వేరుశనగ జానెడు పెరిగి ఎండింది. కాయ లేదు. అధికారి వచ్చి, పొలంలో నిలిచి ఉన్న పంటను చూసి రాస్తేనే కరువు సాయం. పీకేసినా, పశువులు మేసినా నష్టం కింద లెక్కకు రాదు. అందుకే ఊరంతా ఎండిన వేరుశనగ చెట్లకు కాపలా కాస్తోంది. పంటను పశువుల నుంచి కాయడం ఎప్పుడూ ఉన్నదే. పండని పంటను కాయడం మాత్రం ఆ ఊరికి కొత్త.

ఈరన్న ఎద్దులు రెండూ గట్టు మీద కట్టేసి ఉన్నాయి. ఒకటి లేవడం మానేసింది.

"ఇడిసిపెట్టురా," అంది తల్లి ఓబమ్మ. "ఎద్దు సచ్చినాక సాయమొస్తే కాడి ఎవుని మెడకు కడతావు? ఆ ఆపీసరు మెడకా?"

"రేపొస్తాడంటమ్మా."

"నిన్న కూడా రేపనే అన్నాడు."

ఈరన్న మెకానిక్ ఎర్రిస్వామిని వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. కూలి తానే ఇస్తానన్నాడు. నరసింహప్ప ఇద్దరికీ టీ తెప్పించాడు.

"బాగా చూడప్పా. కరువు ఊర్లు తగ్గించమని పైనుంచి ఒకటే పోరు. నేను మాత్రం కండ్లతో చూడకుండా ఒక్క ఊరిని కూడా లిస్టులోంచి కొట్టెయ్యను."

ఎర్రిస్వామి బండి కింద దూరాడు. చక్రాలు విప్పి బిగించాడు. ఈరన్నను పక్కన కూర్చోబెట్టుకుని మలుపు దాకా పోయి వచ్చాడు. దీపం వెలగలేదు. మళ్లీ పోయి వచ్చాడు. వెలగలేదు.

"ఆయిలు తగ్గినా వెలుగుతాది, వైరు ఒరుసుకున్నా వెలుగుతాది, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగకున్నా వెలుగుతాది. అన్నీ చూసినా సార్," అన్నాడు ఎర్రిస్వామి. "బండికి జబ్బు లేదు. తోలేటోనికే ఉండాది."

"నేనేం చేసినానన్నా?" అన్నాడు లింగన్న.

"బెళుగుప్ప దావలో గుంతలంటే నీకు నడుం నొప్పి. అందరికీ తెలుసులే."

నరసింహప్ప ఆఫీసు వరండాలో అందరి ముందూ లింగన్నను తిట్టాడు. ఇంకొకసారి దీపం వెలిగితే ఉద్యోగం ఊడుతుందన్నాడు. లింగన్న తల దించుకున్నాడు. ఈరన్నకు ధైర్యం వచ్చింది.

మరుసటి ఉదయం ఈరన్న బండి వెనక తొట్టిలో ఎక్కాడు. మలుపు దగ్గర బండి ఆగింది. వెనక అద్దంలోంచి చూశాడు. ఎర్రగా వెలుగుతోంది.

ఈరన్న దూకి తలుపు పట్టుకున్నాడు. "సార్, మూడు మైళ్లే. నడిచిపోదాం రాండి."

"నడిచిపోయి రాసిన రిపోర్టు చెల్లదప్పా. లాగ్‌బుక్కులో బండి తిరిగిన లెక్క ఉండాల."

"మా ఎద్దు నిలిచేట్టు లేదు సార్. ఊరంతా అనుకున్యాం. పొద్దు గుంకేలోగా మీరు రాకుంటే పశువులను పొలాల్లోకి ఇడుస్తాం."

"ఇంకో రెండు దినాలు ఓపిక పట్టండి. మీ కడుపు నేను కొడతానా?" అని నరసింహప్ప లింగన్న వైపు తిరిగాడు. "నీ సంగతి ఆఫీసులో చెప్తా. తిప్పు."

ఆ సాయంత్రం ఊరు పశువులను విడిచింది. లేవని ఎద్దుకు ఓబమ్మ చెట్లు పీకి నోటికి అందించింది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి పికప్ ఊళ్లోకి వచ్చింది. దీపం వెలగలేదు. నరసింహప్ప గట్టు మీద నిలబడి పొలం చూశాడు. మట్టి తప్ప ఏమీ లేదు.

"పంట యాడప్పా ఈరన్నా?"

"నిన్న చెప్పినా కద సార్. ఎద్దులు తిన్యాయి."

"ఎండిపోయింటే ఎద్దులెట్ల తింటాయి? తిన్నాయంటే పంట బాగున్నట్టే కదా."

"నువ్వొక నాలుగు దినాలు పస్తుండు సామీ," అంది ఓబమ్మ. "ఏమేం తినొచ్చో నీకే తెలుస్తాది."

నరసింహప్ప నష్టం లేదని రాశాడు. ఆ ఊళ్లో ప్రతి పొలానికీ అదే రాశాడు. తన చేతుల్లో ఏమీ లేదని, బండి సకాలంలో కదిలి ఉంటే కథ వేరేగా ఉండేదని రైతులకు చెప్పాడు.

ఈరన్న డ్రైవరు కిటికీ దగ్గరికి పోయాడు. "నీ నడుం నొప్పి మా ఊరిని మింగిందన్నా."

లింగన్న బండి తీశాడు.

మలుపు దాటింది. నరసింహప్ప వక్కపొడి నోట్లో వేసుకుని, లింగన్నకూ కొంచెం ఇచ్చాడు.

"రేపు వజ్రకరూరు పక్క పోవాల. ఆడా మనకోసం కాచుకోనుండారంట."

లింగన్న వక్కపొడి బుగ్గన పెట్టుకున్నాడు.

"ఆడ కూడా హ్యాండ్‌బ్రేకు మీరే లాగుతారా సార్?"