అచ్చం తాత మాదిరే

ఎగ్మూరులో యూరప్ చిత్రకారుల ప్రదర్శనకు వెళ్తూ నందిత, వాషర్‌మెన్‌పేట్ ఇంట్లో ఊరికే కూర్చున్న అమ్మమ్మ కమలాంబను కూడా మెట్రోలో వెంటబెట్టుకెళ్లింది. ఏసీ చల్లగా ఉందని మురిసిపోతూ కమలాంబ బొమ్మలన్నీ గబగబా దాటేసి, ఒకదాని ముందు మాత్రం ఆగిపోయింది. అది రెండు వందల ఏళ్ల కిందట ఒక ఫ్రెంచి చిత్రకారుడు పెన్సిలుతో గీసిన యువకుడి బొమ్మ.

“ఏమే నందితా, అచ్చం మీ తాత మాదిరే ఉండాడే! ఆ ముక్కు చూడు, ఆ కండ్లు చూడు!”

నందిత బొమ్మకు దగ్గరగా జరిగింది. తాత పోయేనాటికి అమ్మ ఇంకా కడుపులోనే ఉంది. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు. తన నాన్న ఎలా ఉండేవాడని అమ్మ ఈ వయసులోనూ అమ్మమ్మను అడుగుతూనే ఉంటుంది.

నందిత వెంటనే ఆ బొమ్మను ఫోన్‌లో తీసి, అమ్మమ్మ అన్న మాట కూడా రాసి అమ్మకు పంపింది. మరుక్షణమే అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తూనే నవ్వుతోంది.

“ఆ ముక్కు నాదే గదే! ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడదాం.”

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో నందిత అడిగింది. “నిజంగా అంత పోలికా అవ్వా?”

కమలాంబ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“నాలుగు నెలల కాపరం పాపా. ఆయన మొహం నాకు ఎప్పుడో మరుపొచ్చేసింది. మీ అమ్మ అడిగినప్పుడంతా ఏం చెప్పాల్నో తెలీక తిప్పలు పడతా ఉండాను. ఈ పిల్లోడు లక్షణంగా ఉండాడు. ఇంక ఈయనే మీ తాత.”