కదలొద్దు తాతా

"జానమ్మ పంపిందా?"

గుమ్మంలో నిలబడ్డ ముసలాయనను చూడగానే ఆజం అడిగాడు.

"ఛాయ్ బండి కాడ ఆమెనా? ఆఁ, గీడికే పొమ్మన్నది."

"మంచిగైంది. బొమ్మకు కూసునేటోని కోసం పొద్దటి సంది చూస్తున్నం. రా తాతా, గీ స్టూలు మీద కూసో. కదలొద్దు."

ముసలాయన అయోమయంగా కూర్చున్నాడు. చంకలోని ప్లాస్టిక్ కవరు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా పన్నెండు మంది విద్యార్థులు పెన్సిళ్లు చెక్కుతున్నారు.

"నా బొమ్మనా బిడ్డా?" ముఖం వెలిగింది.

"నీదే. మాట్లాడొద్దు మరి."

మహబూబ్‌నగర్ పార్కులోని పాత పంపుహౌస్‌లో ఆ కళాకేంద్రం పదేళ్లుగా నడుస్తోంది. పాఠాలు చెప్పేదీ, నాటకాలు ఆడేదీ, చీపురు పట్టేదీ కళాకారులే.

సోమవారం మున్సిపాలిటీ వాళ్లు తలుపుకు నోటీసు అంటించారు. ఈ జాగా మీకిచ్చినట్టు కాగితం శనివారం సాయంత్రం ఐదులోగా చూపాలి. లేకపోతే కూల్చి ఫుడ్ కోర్టు కడతారు. బుధవారం పేపర్లో కూడా వచ్చింది.

ఇవాళ గురువారం.

కాగితం వెతకడం కార్యదర్శి నిరోష పని. బొమ్మలు ఆజం పని. గోడ నిండా బొమ్మలు చూస్తే అధికారి మనసు మారుతుందని అతని ఆశ.

నిరోష దుమ్ము కొట్టుకున్న చేతులతో లోపలి గదిలోంచి వచ్చింది.

"డబ్బాలన్నీ బోర్లించిన. కరపత్రాలున్నయ్, ఫోటోలున్నయ్, చిరిగిన తెరలున్నయ్. జాగా ఎట్ల వచ్చిందో ఒక్కలన్న ఒక్క ముక్క రాసిపెట్టలే."

"దామోదరన్నకు చేసినవా?"

కేంద్రం మొదలుపెట్టిన వాళ్లలో ఇప్పుడు జాడ తెలిసినవాడు దామోదర్ ఒక్కడే.

"స్విచాఫ్. ముంబైల ఏదో సెట్టు కడుతున్నడంట."

"గప్పట్ల గీడ నీళ్ల మోటరు ఉండె..." ముసలాయన మొదలుపెట్టాడు.

"తాతా, పెదవులు కదిలితే బొమ్మ చెడుతది."

ముసలాయన గబుక్కున నోరు మూసుకున్నాడు.

క్లాసు అయిపోగానే ఆజం ఫ్రేముల దుకాణానికి పరుగెత్తాడు. పోతూ పోతూ అరిచాడు. "బొమ్మ సగమే అయింది. రేపు రా తాతా."

శుక్రవారం ముసలాయన అందరికంటే ముందే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అదే కవరు, అదే ఒడి.

ఆజం తను గీస్తున్న బొమ్మ పక్కన పెట్టి, ఒక్కొక్కరి బొమ్మా చూస్తూ అఫ్రీన్ దగ్గర ఆగాడు.

"కుడిచెయ్యి జర మంచిగ చూడు. చూపుడు వేలుందా?"

"లేదు సార్."

"మరెందుకు గీసినవ్?"

"చెయ్యంటే ఐదు వేళ్లుంటయ్ గద సార్."

"తెలిసింది గియ్యకు. చూసింది గియ్యి."

ముసలాయన నవ్వాడు. "గా వేలు ముచ్చట చెప్తే మీరు..."

"ముందు బొమ్మ తాతా. ముచ్చట తర్వాత."

ఆ ‘తర్వాత’ రానే లేదు. మధ్యాహ్నం మున్సిపల్ ఆఫీసుకు రమ్మని కబురొస్తే ఆజం, నిరోష పరుగెత్తారు.

"పదేండ్ల సంది నడుస్తాంది సార్," అంది నిరోష.

"నడుసుడు గాదమ్మా. ఎవరిచ్చిండ్రు? కాయితం చూపెట్టు, నోటీసు నేనే చింపుతా," అన్నాడు అధికారి.

శనివారం పదకొండు గంటలు. నిరోష మెట్ల మీద కూర్చుని దామోదర్ నంబరు నొక్కుతూనే ఉంది. స్విచాఫ్.

ముసలాయన ఎదురుగా నిలబడ్డాడు.

"బొమ్మ అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది. ఇయ్యాల క్లాసు లేదు."

"అయితే ఇగ మాట్లాడొచ్చు గద. నా ముచ్చట జర ఇంటవా? గప్పట్ల గీడ..."

"తాతా, నా నెత్తి మీద కత్తి ఉంది. సోమవారం చెప్పు."

"సోమవారమంటే మల్ల..." ముసలాయన కవరు ముందుకు చాపాడు.

"నీకు దండం పెడత, పో తాతా."

ముసలాయన ఆమెను చూశాడు. ఆమె వెనుక తలుపును చూశాడు. కవరు చంకలో పెట్టుకున్నాడు.

"సరే తియ్ బిడ్డా. ఒంటిగంట బస్సుకు పోత."

ఐదింటికి అధికారి వచ్చాడు. వెనుక జేసీబీ వచ్చింది. గోడకు వేలాడుతున్న బొమ్మలన్నీ ఆయన ఓపికగా చూశాడు.

"బొమ్మలు మంచిగున్నయ్. కాయితమేది?"

నిరోష ఇంకోసారి దామోదర్ నంబరు నొక్కింది. స్విచాఫ్.

"అయితే మీ సామాను తీసుకోన్రి. పది నిమిషాలు."

ఐదూ నలభైకి పంపుహౌస్ కప్పు కూలింది. దుమ్ము ఇంకా లేస్తుండగానే ఫోను మోగింది. నిరోష స్పీకరు నొక్కింది.

"ఏమైంది నిరోషా? గిన్ని మిస్డ్ కాల్సా?" దామోదర్ గొంతు.

"మన జాగా కాయితం ఏడుందన్నా?"

"ఎల్లస్వామి కాడ ఉంది. పంపుహౌస్ ఆపరేటరు. మోటరు బందైనంక తాళం మాకిచ్చింది ఆయననే. ఏడాది ఆఫీసు చుట్టు తిరిగి అనుమతి రాయించింది గూడ ఆయననే. కళాకారుల చేతిల కాయితం నిలవదని తన దగ్గరనే పెట్టుకున్నడు. ఇప్పుడు దేవరకొండల బిడ్డ ఇంట్ల ఉంటున్నడు. నోటీసు సంగతి పేపర్ల చూస్తే ఉరికొచ్చేటోడే. రాలేదా?"



"ఎట్లుంటడన్నా ఆయన?"

"చూస్తే నీకే తెలుస్తది. కుడిచేతికి చూపుడు వేలుండది. గా మోటరు బెల్టులనే పోయింది."

ఆజం చంకలోని బొమ్మల కట్టలోంచి తను గీసినదాన్ని మెల్లగా బయటికి తీశాడు.

నాలుగే వేళ్లున్న ఆ చేతి కింద, కవరులోంచి తొంగిచూస్తున్న కాగితం మూల మీద, గుండ్రటి ఆఫీసు ముద్రను అతను చూసింది చూసినట్టే గీశాడు.