పెద్ద ఫైళ్ళకు భద్రమేనా?

“వీడియోలు పోతే తిరిగి రావా?” అని పెద్ద డాక్టరు మళ్ళీ అడిగాడు.

ఆయన అడగడం ఇది మూడోసారి. రికార్డుల గది చూసుకునే ఆమె కూడా మూడోసారి అదే జవాబు చెప్పింది.

“రావు సార్. రెండో కాపీ ఉంటే సరే. లేకపోతే పోయినట్టే.”

“రెండో కాపీ ఉంచితే చోటెక్కడిది? చోటు కోసమేగా ఈ తిప్పలన్నీ!”

అదీ నిజమే. ఆసుపత్రిలో జరిగే ప్రతి ఆపరేషనూ వీడియో తీస్తారు. ఒక్కొక్కటీ నాలుగైదు గంటలు. ఇప్పటిదాకా ప్రతి ఫైలూ రెండు డిస్కుల్లో రెండు కాపీలుగా ఉండేది. డిస్కులన్నీ పీకలదాకా నిండిపోయాయి. ఇప్పుడు డిస్కుల్లో ఫైళ్ళను సర్దిపెట్టే ఫైల్ సిస్టంలో కొత్త సదుపాయం ఒకటి వచ్చింది. అది ఫైలును ముక్కలు చేసి అన్ని డిస్కుల మీదా పంచిపెడుతుంది. ఒక డిస్కు చచ్చినా మిగతావాటిని బట్టి లెక్కగట్టి ఫైలును నిలబెడుతుందట. అప్పుడు రెండో కాపీ అక్కర్లేదు. కాకపోతే తయారుచేసినవాళ్ళే ‘ఇది ఇంకా ప్రయోగదశలో ఉంది, పెద్ద ఫైళ్ళు పాడుకావచ్చు’ అని ముందే రాసి చేతులు దులుపుకున్నారు. ఆ వాక్యం కింద పెద్ద డాక్టరు ఎర్రసిరాతో గీత గీసి ఉంచాడు. ఎంత జాగ్రత్త మనిషో అనుకుంది ఆమె.

“నెలాఖరుకి తనిఖీవాళ్ళు వస్తారు. పోయినేటి ఆపరేషన్ల వీడియోలు చూపించమంటారు. ఈలోపు అన్నీ కొత్తదాన్లోకి మారిపోవాలి. భద్రమేనని పరీక్ష చేసి, నీ సంతకంతో కాగితం ఇవ్వు.”

“నా సంతకమా సార్?”

“ఆ గది తాళం నీ దగ్గరే ఉంది కదమ్మా.”

“భద్రం కాదని తేలితే?”

“తేలితే అప్పుడు మాట్లాడుకుందాం. అన్నట్టు, మీ నాన్నగారి కార్డు ఈ నెలతో అయిపోతోంది కదూ?”

ఆయన సొరుగులోంచి ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కార్డుంటేనే ఆమె తండ్రికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆమె ఉద్యోగముంటేనే ఆ కార్డు; దాన్ని పొడిగించాలంటే పెద్ద డాక్టరు సంతకం పడాలి. సంతకం పెట్టాక వీడియోలు పోతే తప్పు తనది, పెట్టనంటే తండ్రి ప్రాణం మీదికొస్తుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పరిస్థితి. ప్రయోగం ఎవరిదైతేనేం, పీక మాత్రం ఆమెది. తిన్నగా వార్డుకి వెళ్ళి తండ్రి మంచం పక్కన కూలబడింది.

తండ్రి ముప్పయ్యేళ్ళు లారీ నడిపిన మనిషి. చేతికి గొట్టాలతో పడుకునే, కూతురు చెప్పిందంతా విన్నాడు.

“ఏం చూశావు ఇప్పటిదాకా?”

“చిన్న ఫైళ్ళు పెట్టి చూశాను నాన్నా. బాగానే ఉంది.”

“ఖాళీ బండికి ఏ బ్రేకయినా పడుతుంది తల్లీ! నిండా లోడు వేసి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తొక్కి చూడాలి.”

“ఆగకపోతే?”

“ఆగకపోతే సంతకం పెట్టకు. నా సంగతి వదిలెయ్. ఈ సూదులు తప్పుతాయంటే నాకూ సుఖమే.”

“ఊరుకో నాన్నా,” అంది గానీ ఆమెకి ఏడుపొచ్చింది.

మర్నాటినుంచి పనిలోకి దిగింది. అసలు వీడియోల జోలికి పోకుండా, వాటి నకళ్ళతో ఓ పాత కంప్యూటర్ని కొత్త పద్ధతిలో నింపేసింది. ఫైలు డిస్కులోకి ఎక్కుతూ సగంలో ఉండగా కరెంటు పోతే పెద్ద ఫైళ్ళు చెదురుతాయని అందరూ భయపెట్టారు కాబట్టి, ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ని పిలిచి ప్లగ్గు దగ్గర కూర్చోబెట్టింది.

“పీకనా అమ్మా?”

“పీకండన్నా.”

“నా సర్వీసులో కరెంటు ఇమ్మని తిట్టినవాళ్ళే గానీ, తీయమని బతిమాలింది మీరొక్కరే!”

పీకిన ప్రతిసారీ ఆమె గుండె కూడా ఊడినట్టయ్యేది. ప్రతి ఫైలునీ అసలుదానితో సరిపోల్చి చూసేది. పది రోజుల్లో ఇరవైసార్లు పీకించింది. ఓసారి నడుస్తున్న డిస్కునే బయటికి లాగేసింది. అయినా తేడా రాలేదు. ఆఖరి ఫైలు కూడా సరిపోయాక, ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

పెద్ద డాక్టరు గదిలోకి దాదాపు పరుగెత్తినట్టే వెళ్ళింది.

“భద్రమే సార్! ఇదిగో సంతకం. ఇరవైసార్లు కరెంటు పీకించాను. ఒక్క సెకను వీడియో కూడా చెదరలేదు.”

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు.

“పెద్ద ఫైళ్ళు కూడానా?”

“వాటితోనే చూశాను సార్.”

“తనిఖీవాళ్ళు వచ్చేలోపు పోయే అవకాశం... బొత్తిగా లేదంటావా?”

“లేదు సార్. మీరు నిశ్చింతగా ఉండండి.”

ఆయన లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. మెచ్చుకుంటాడేమోనని ఆమె సిగ్గుపడుతూ నిలబడింది. ఆయన తిరిగొచ్చి కూర్చుని, ఇంకా తన సంతకం పడని కార్డుని తనవైపు లాక్కున్నాడు.

“అలాగైతే, వీడియోలు తప్పకుండా పోయేదొకటి చూడమ్మా,” అన్నాడు.