మొహం మార్చినోడు

ఎవరో ముసలాయన గేటు కాడ కూర్చొని పాప గడ్డం పట్టుకొని నిమరతా ఉండాడు.

నీళ్ళ బిందె ఎత్తుకొని వస్తా ఉన్న ప్రేమ కంట పడింది అది.

బిందె యాడ పెట్టిందో, సగం నీళ్ళు ఎట్లా ఒలికిపోయినాయో ఆమెకే తెలీదు. ఒక్క పరుగున పోయి పాపను చంకలోకి లాక్కుంది.

"ఎవరప్పా నువ్వు? నా బిడ్డతో నీకేం పని?"

ముసలాయన తలెత్తినాడు. అమ్మో, అదేం మొహం! నోరు లోపలికి పీక్కుపోయింది. బుగ్గలు గుంటలు పడినాయి. గడ్డం పైకి లేచి ముక్కును అందుకునేట్టు ఉండాది.

"చెన్నరాయప్ప ఇల్లు ఇదే కదమ్మా? ఈ పాప వాడి మనవరాలా? అచ్చం వాడి పోలికే."

చెన్నరాయప్ప అంటే ప్రేమ మామ. పొద్దున్నే పట్టుగూళ్ళు వేసుకొని కోలారు మార్కెట్టుకు పోయినాడు. మొగుడు మోహన్‌కుమార్ వేమగల్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉండాడు. ఇంట్లో తనూ, మూడేండ్ల పాపా. అంతే.

అసలే ఆ వారమంతా వాళ్ళ ఊరు బైరకూరులో అందరి ఫోన్లలో ఒకటే మెసేజి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు దిగినారు, మొహాలు మార్చుకొని తిరగతా ఉండారు, జాగ్రత్త అని. రాసింది ఎవరో ఒక్కరికీ తెలీదు. నమ్మేదానికి మాత్రం అందరూ ముందుండారు.

ప్రేమ మామకు ఫోన్ చేసింది.

ఆ ఫోన్ ఇంట్లోనే చార్జరు కాడ మోగింది. దేవుడా! మరిచిపోయి పోయినాడు.

"శ్రీరామప్పన్నా! ఒకసారి ఇట్లా రా అన్నా!"

ఎదురింటి శ్రీరామప్ప వచ్చినాడు. పక్కింటి సొన్నమ్మ చీపురు చేతిలో ఉండంగానే వచ్చింది. చూస్తా ఉండంగానే పదిమంది చేరినారు.

"చెన్నరాయప్పకు నువ్వేం కావల్ల?" అన్నాడు శ్రీరామప్ప.

"కేజీఎఫ్ బంగారు గనిలో ఇద్దరిదీ ఒకే షిఫ్టప్పా. పోయేలోగా ఒకసారి వాణ్ణి చూసిపోదామని వచ్చినాను."

"గనిలో చేసినోళ్ళు వేలమంది ఉండారు. ఆధార్ కార్డు ఉంటే తియ్యి."

తీసినాడు. శ్రీరామప్ప పేరూ అడ్రసూ పైకే చదివినాడు. "రామాంజినప్ప, గని క్వార్టర్స్, కేజీఎఫ్." తర్వాత ఫోటో చూసినాడు, మనిషిని చూసినాడు. ఫోటోలో ఉండే మనిషికి నిండు బుగ్గలు, ఇంత వెడల్పు దవడ.

"ఇది నువ్వా? ఎవరి చెవిలో పువ్వు పెడతావు?"

"నేనేనప్పా. పండ్లు పోతే దవడ ఎముక కరిగిపోతాదంట, డాక్టరే చెప్పినాడు. కట్టుడు పండ్లు పెట్టుకోబట్టి ముప్పై ఏండ్లు దాటింది. ఎముక అరిగీ అరిగీ ఇట్లయిపోయినాను."

"ఎముక కరిగేదానికి అదేమన్నా బెల్లమా?" అంది సొన్నమ్మ.

ఇద్దరు ముగ్గురు నవ్వినారు. ప్రేమ నవ్వలేదు. నొప్పి పుట్టి పాప ఏడ్చేంత గట్టిగా పట్టుకొని ఉండాది.

"ఉండమ్మా, పెట్టుకొని చూపిస్తాను."

ముసలాయన జేబులోనుంచి గుడ్డ మూట తీసినాడు. సిగ్గుపడి పక్కకు తిరిగి, పైవరసా కిందివరసా నోట్లో పెట్టుకొని ఇటు తిరిగినాడు.

పెదవులు ముందుకొచ్చినాయి. బుగ్గలు లేచినాయి. రెప్పపాటులో ఇంకో మనిషి!

ప్రేమ కేక పెట్టింది.

"చూడండప్పా! మొహం మార్చేసినాడు! మెసేజిలో చెప్పింది వీణ్ణే!"

ఇంగ ఎవరు ఆగుతారు? ఒకడు చొక్కా పట్టుకున్నాడు, ఒకడు మెడ మీద చెయ్యేసినాడు. "వద్దప్పా, చెప్పేది వినండి" అనబోయినాడు ముసలాయన. ఎముక లేని దవడ మీద ఆ కిందివరస నిలిస్తే కదా! జారి మట్టిలో పడింది. ఎవరి చెప్పు కిందనో పటుక్కుమంది.

ఆయన దాన్ని ఒకసారి చూసి, ప్రేమకు చేతులెత్తి దండం పెట్టినాడు.

"పాపను భయపెట్టేసినాను తల్లీ. తప్పయిపోయింది. పోతాను."

ముళబాగిలు బస్సు వస్తే అందులోకి తోసినారు. బస్సు కదిలేదాకా శ్రీరామప్ప కాపలా ఉండినాడు.

ప్రేమ తలుపుకు గడియ పెట్టుకొని మళ్ళీ తియ్యలేదు. చెన్నరాయప్ప వచ్చి పిలిస్తేనే తీసింది. తీస్తూనే జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మంచిపని చేసినావు," అన్నాడు ఆయన, కాళ్ళు కడుక్కుంటా. "పేరేమన్నా తెలిసిందా?"

"కార్డులో రామాంజినప్ప అని ఉండాది మామా. దొంగకార్డు. ఫోటో వేరేవాళ్ళది."

చెన్నరాయప్ప చేతిలో చెంబు జారి పడిపోయింది.

"ఇప్పుడు యాడ ఉంటా ఉండాడో అడిగినారా?"

"లేదు మామా. కార్డులో గని క్వార్టర్స్ అని ఉండె."

"ఆ ఇండ్లు కూలిపోయి ఎన్నేండ్లో అయిపాయె! వాడి కోసం ఎన్నిసార్లు పోయి వెతికినానో. ఒక్కరూ ఆనవాలు చెప్పలేకపోయినారు."

తడికాళ్ళతోనే రోడ్డుకు పరిగెత్తినాడు. బస్సు పోయి ఎంతసేపయిందో తెలిసీ పరిగెత్తినాడు. చాలాసేపటికి తిరిగొచ్చి అరుగు మీద కూలబడినాడు.

తిట్టలేదు. పొద్దున ఆ మొహం చూసినప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ భయమేసింది ప్రేమకు.

"ఎవరు మామా ఆయన?"

"గనిలో గొలుసు తెగి ఇనప తొట్టి నా తలకాయ మీదికి వస్తా ఉంటే, నన్ను పక్కకు తోసేసి, ఆ దెబ్బ తన మొహాన తీసుకొని, పండ్లన్నీ ఆ పొద్దే పోగొట్టుకున్నోడమ్మా వాడు."